చివర చేయి పెట్టిన చోటు

కుట్టుమిషను చప్పుడు మారినచో మా యమ్మ వెంటనే పాదము నాపెడిది. నూనె పోయుటకు గాని, మరలు విప్పుటకు గాని తొందరపడెడిది కాదు. "చివర చేయి పెట్టిన దెక్కడ?" అని తన్ను తానే యడుగుకొనెడిది. సూది మార్చితినా? బాబిను పెట్టె తీసి మరల పెట్టితినా? పదింట తొమ్మిదిమారులు లోప మచ్చటనే దొరకెడిది. తెనాలిలో ఇరువదేండ్లు పరుల రవికెలు కుట్టి మమ్ము చదివించిన యా తల్లి మాట, ఆమె పోయిన పదునాలుగేండ్లకు, నేనెన్నడు నూహింపని చోట నా కక్కరకు వచ్చినది. ఆ చోటు మోటారుకారు బానెట్టు క్రింద. సోదరీమణులారా! కారు సంగతి స్త్రీల పుటలలో నేల యని విసుగుకొనకుడు. నేడు మనలో ననేకులము కారు నడుపుచున్నాము. నడుపనివారికిని దాని వ్యయములో పాలు తప్పదు గదా!

మాది పెట్రోలుతో నడచు చిన్న కారు. మావారు కొన్నది. వారు పోయినపిమ్మట దాని నమ్మివేయుమని బంధువులందరును చెప్పిరి. నేను వినలేదు. నలుబదియారవ యేట నడుపుట నేర్చుకొంటిని. మా యత్తగారికి మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడుమారులు డయాలిసిస్ చేయించుటకై విజయవాడ నడిబొడ్డుననున్న ఆసుపత్రికి కొనిపోవలయును. ఒక్కొక్కమారు నాలుగు గంటలు పట్టును. తిరిగివచ్చునప్పు డామె తల నిలుపజాలదు. వెనుక సీటుపై పరుండబెట్టి మెల్లగా నింటికి తెత్తును. కాబట్టి యా కారు మాకు విలాసవస్తువు కాదు. మా యింటి కదియొక కాలు.

మా కుమారుడు చదువు ముగించి హైదరాబాదులో నుద్యోగమున చేరెను. గత దసరాకు వచ్చినప్పుడు తన తొలి జీతములలో కూడబెట్టిన సొమ్ముతో కారున కొక కానుక తెచ్చెను. అది నిగనిగలాడు లోహపు గొట్టము. దాని కొనను ఎర్రని శంఖమువంటి ఎయిర్ ఫిల్టరు. "అమ్మా! కంపెనీవారు పెట్టిన నల్లని ప్లాస్టిక్కు పెట్టె గాలికి అడ్డుగోడ వంటిది. ఇది బిగించితిమా, ఇంజను హాయిగా నూపిరి పీల్చుకొనును. నాన్నగారి బండికి నా చేతులతో నేమైన చేయవలెనని యెన్నాళ్లనుండియో యున్నది" అనెను. ఆ చివరిమాట విన్నపిమ్మట వల దనుటకు నాకు నోరు రాలేదు. ఒక యుదయమంతయు చెమటలు గ్రక్కుచు వాడే పెట్టెను విప్పి, గొట్టమును బిగించెను. స్టార్టు చేయగనే కారు పులివలె గర్జించెను. వాని ముఖము వెలిగిపోయెను. మరునాడు వాడు హైదరాబాదు వెడలిపోయెను.

మూడవనాడు ఆసుపత్రినుండి వచ్చుచుండగా నా కనుమానము కలిగెను. హోరుతోబాటు మరియేదో వినబడుచున్నది. ఎర్రదీపముకడ నాగినప్పుడు సన్నని కూత. గతుకులలో టకటక. ఇంజను నిలుకడలేక యొకమారు పొంగుచు, నొకమారు కుంగుచు నుండెను. ఇంజను గుర్తుగల పసుపుదీపము ఎదుట వెలిగెను. వెనుకనుండి యత్తగారు, "అమ్మాయీ! బండి యేమిటో సణుగుచున్నదే" అనిరి.

మరునాడు మేము ఎల్లప్పుడు పోవు షెడ్డునకు తీసికొనిపోయితిని. మేస్త్రీ యెదుట నాలుగు బండ్లు వరుసనుండెను. అతడు బానెట్టు తెరువకయే, కిటికీకడ నిలిచి చప్పుడు వినెను. "ఈ మధ్య నేమైన పని చేయించితిరా, అమ్మగారూ?" అని యడిగెను. నేను "లేదు" అంటిని. ఎందు కట్లంటినో చదువరులు గ్రహింపగలరు. నా బిడ్డ చేతిపనిని పరు డొకడు తప్పుపట్టుట నాకు సహింపరాని దయ్యెను. అతడు తల పంకించి, "టాపెట్లు గాని, లోపల బేరింగు గాని పోయియుండును. ఇంజను దింపి విప్పవలయును. ముప్పదివేలగును. పదిదినములు బండి నుంచుడు" అనెను. ముప్పదివేలకంటె పదిదినములు నన్ను భయపెట్టినవి. పదిదినములనగా నాలుగుమారులు ఆమెను పరుల బండిలో కుదిపించి తెచ్చుట.

ఆ రాత్రి కుమారునకు ఫోను చేసితిని. "నేను పెట్టినదానివలన కాదమ్మా! బండి పాతది" అని వాడనెను. నాకు కోపము వచ్చెను. "నాన్నగారి బండిని పాడుచేసితివి" అంటిని. వాడు మారుపలుకక ఫోను పెట్టివేసెను. నాలుగు దినములు వానినుండి కబురు లేదు. విడిచిన మాటను మరల నోటిలోనికి తీసికొనుట యెవరి తరము? నిద్రపట్టక పరుండియుండగా కుట్టుమిషను ముందు మా యమ్మ కూర్చున్నట్లే తోచెను. "చివర చేయి పెట్టిన దెక్కడ?" ఆ ప్రశ్నను మేస్త్రీ నన్నడిగియే యున్నాడు. నేను గదా యబద్ధమాడినది!

ముందుగా ఇంజను ఎట్లూపిరి పీల్చునో తెలిసికొంటిని. పెట్రోలొక్కటియే దాని కాహారమని మనము తలంతుము. కాని ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు, తూకములో 14.7 పాళ్ల గాలి కావలయును. లెక్కవేసినచో ఒక లీటరు పెట్రోలునకు సుమారు 9 వేల లీటర్ల గాలి. నాలుగు సిలిండర్ల యింజను నిమిషమునకు 3,000 మారులు తిరుగునప్పుడు సెకనునకు నూరు గుటకలుగా నీ గాలిని మ్రింగును. ఆ గుటకల చప్పుడే హోరు. మా కారులో గాలి వచ్చు త్రోవయందు వేడిచేసిన సన్నని తీగె యొకటి కలదు. పోవుచున్న గాలి దానిని చల్లార్చును. అది చల్లారకుండ నుంచుట కెంత విద్యుత్తు పట్టెనో చూచి, గాలి యెంత పోయినదో లెక్కగట్టి, తగిన పెట్రోలును బండిలోని కంప్యూటరు విడుచును.

ఆదివార ముదయమున కారును ఆరుబయట నిలిపితిని. మూసిన గదిలో ఇంజను నడుపరాదు; పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును. గేరు తీసి, చేతిబ్రేకు బిగించితిని. కొంగు నడుమున దోపి, జడ ముడిచి, గాజులు తీసి లోపల పెట్టితిని. ఇంజనుముందరి ఫాను చెప్పకయే తిరుగ నారంభించును, బెల్టులు చీరకొంగును క్షణములో లాగివేయును. ప్రక్కయింటి అమ్మాయి డ్రైవరు సీటున కూర్చుండి, నేను చెప్పినప్పుడు ఆక్సిలరేటరు నొక్కుచుండెను. నేనొక నోటుపుస్తకము తీసి, ఏ చప్పు డెప్పుడు వచ్చును, ఎప్పుడు పోవును అను రెండు సంగతులు మాత్రమే వ్రాసికొంటిని. అంతవరకు నొక్క చప్పుడని నేననుకొన్నది మూడు చప్పుళ్లని యప్పుడు తెలిసెను.

మొదటిది హోరు. ఆక్సిలరేటరు నొక్కినప్పుడే వచ్చును, వదలగనే పోవును. ఇది రోగము కాదు. ఈ చప్పుడు మునుపును గలదు. నల్లపెట్టె దాని నణచియుంచినది. ఖాళీసీసా మూతిపై పిల్ల లూదినప్పుడు 'బూ' మని వచ్చు ధ్వనిని మీరెరుగుదురు. సీసాలోని గాలికి తనదైన స్వర మొకటి యున్నది. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన స్వరశాస్త్ర గ్రంథములో ఇట్టి బోలుపాత్రల గుణమును విచారించెను. సన్నని నోరుగల యట్టి బోలుగదినే గాలిగొట్టమునకు ప్రక్కన తగిలించినచో, ఆ స్వరమునకు సరిపోవు హోరు ముందునకు సాగక యణగిపోవును. కంపెనీవారు మా కారునకు పెట్టినది సరిగా నదియే. మావాడు అడ్డుగోడ యని తీసినది చప్పుడును మ్రింగు గది!

రెండవది కూత. ఇది హోరునకు విపరీతము. బండి నిలిచియున్నప్పుడే వినబడును. ఆక్సిలరేటరు నొక్కగనే సన్నగిలి మాయమగును. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు గాలిద్వారము దాదాపు మూసియుండును. దానికవతల లోపలి గాలి యొత్తిడి, బయటి యొత్తిడిలో నించుమించు మూడవవంతునకు దిగిపోవును. అప్పుడు లోపలిభాగమున ఎచ్చట చిన్న పగులున్నను బయటిగాలి యీలవేయుచు చొచ్చుకొనిపోవును. ద్వారము తెరచినంతనే లోపలి పీల్పు తగ్గును, ఈల యాగును. కాబట్టి నిలిచినప్పుడు కూయుచు, పరుగిడునప్పు డూరకుండు చప్పుడు గాలి దొంగదని యెరుగవలయును.

దొంగను పట్టుకొనుటకు, మొక్కలకు నీరుపోయు రబ్బరుగొట్టమునుండి రెండుమూరల ముక్కను కోసి, ఒక కొనను చెవికడ నుంచి, రెండవ కొనను ఇంజనుపై నచ్చటచ్చట చూపితిని. వైద్యుని స్టెతస్కోపు వంటిదే. పెట్రోలుటాంకిలోని యావిరిని ఇంజనులోనికి కొనివచ్చు వ్రేలిమందపు నల్లగొట్టము కడ కూత చెవిని పొడిచినంత పనిచేసెను. దానిపై సబ్బునీరు చిలికించితిని. బుడగలు రాలేదు, పగులు నీటినే లోనికి పీల్చుకొని, కూత క్షణకాల మాగెను. వ్రేళ్లతో గొట్టమును నొక్కిపట్టగా పూర్తిగా నాగెను. సోదరీమణులారా! ఈ పరీక్షకై కొందరు త్వరగా నంటుకొను ద్రవములను చిలికింతురు. వేడి యింజనుపై నది నిప్పుతో చెలగాటము. సబ్బునీరే చాలును.

పాతపెట్టెను పైకి లాగునప్పుడు ఏండ్ల వేడికి బిరుసెక్కిన యా గొట్టము వంగి, మూతికడ చిట్లినది. ఆ చిట్లునుండి వచ్చిన గాలిని వేడితీగె లెక్కింపలేదు. కొలిచి నీరుపోసి, తగిన యుప్పు వేసిన పులుసులో మనకు తెలియకుండ నెవరో చెంబెడు నీరు పోసినచో నేమగును? ఇంజను రుచియు నట్లే చప్పబడెను. పసుపుదీపము చెప్పినది, ఇంజను పొంగి కుంగుటకు కారణమైనది నదియే.

మూడవది టకటక. మేస్త్రీని భ్రమపెట్టినది యిదియే. టాపెట్ల చప్పుడైనచో ఇంజను వేగముతో బాటు తానును వేగమై, తాళము తప్పక నడచును. ఇది యట్లు కాదు. స్టార్టు చేసినప్పుడును, ఆపునప్పుడును, గతుకులలోను, ఇంజను కుదిలినప్పుడే వచ్చును. సమముగా తిరుగునప్పుడు మాయమగును. వంటయింటినుండి పొడుగైన కొయ్యతెడ్డు తెచ్చి, ఫానునకు దూరముగా, కొత్త గొట్టము నొక్కొక్క చోట మెల్లగా నొత్తితిని. ఫిల్టరునకు వేడి తగులకుండ బిగించిన రేకు నొత్తగనే చప్పు డాగెను. ఆ రేకు బ్యాటరీని పట్టియుంచు కమ్మికి వెండ్రుకవాసి దూరమున నుండి, ఇంజను కదలినప్పుడెల్ల దానిని తట్టుచున్నది. ముప్పదివేల రూపాయల చప్పు డదియే!

మేస్త్రీని ఇంటికి పిలిపించి, దాచినమాట చెప్పితిని. అతడు బానెట్టు తెరచి, ఎర్రని ఫిల్టరును చూచి, నన్ను చూచెను. "అమ్మగారూ! ఈ మాట ఆనాడే చెప్పియున్నచో ఇంజను పేరే యెత్తకపోయెడివాడను. నేనును బానెట్టు తెరచి చూడవలసినది" అనెను. అతనికంటె నాకే యెక్కువ సిగ్గయ్యెను. తన చేతి పరికరమును స్టీరింగు క్రింద తగిలించి చూడగా పి 0171 అను అంకె వచ్చెను. మిశ్రమము పలుచనైనదని దాని యర్థము. కొత్త రబ్బరుగొట్టమునకు నూట యిరువది రూపాయలు, అతని శ్రమకు మూడువందలు. రేకును రెండు వ్రేళ్ల మేర జరిపి బిగించెను. కూతయు పోయెను, టకటకయు పోయెను. హోరు మాత్రము మిగిలెను.

ఆ సాయంకాలము నేనే మావానికి ఫోను చేసితిని. ముందుగా లోపము సంగతి చెప్పలేదు. "నాయనా! నే నా మాట అనరాదు" అంటిని. చాలసేపు వాడేమియు మాటాడలేదు. పిమ్మట, "అమ్మా! ఆ చిన్నగొట్టము వంగినప్పుడు 'పటుకు' మన్నది. నేను వింటిని. ఏమియు కాదులే యనుకొంటిని" అనెను. నేను షెడ్డులో చెప్పిన "లేదు"ను, వాడు వినియు విననట్లూరకుండుటను తూచినచో ముల్లు ఎటును మొగ్గదు. ఒకరి నొకరు కాపాడుకొనవలెనని యిద్దరమును దాచితిమి. ఆ దాపరికమే మమ్ము నాలుగు దినములు విడదీసెను.

ఆ శనివారము వాడు వచ్చెను. ఎర్రఫిల్టరు నుంచవలయునా, తీయవలయునా యని తల్లీకొడుకుల మాలోచించితిమి. దాని యందు లాభ మసలే లేదని నేననను. బయటి చల్లనిగాలి తగులునట్లు చక్కగా నమర్చి, అతివేగముగా నడుపు బండ్లకు కొంత బలము చేకూర్చవచ్చును. కాని మా ఫిల్టరు వేడి యింజను ప్రక్కనే యున్నది. 35 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలిని పీల్చినచో, వేడిగాలి పలుచన గనుక, గుటకగుటకకు నూటికి ఏడుపాళ్లకు పైగా గాలి తగ్గును. అట్లని ఫిల్టరును క్రిందికి, చక్రము దగ్గరకు దింపు గొట్టములును గలవు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగునగరు ప్రాంతము మునిగిన సంగతి మా యూరివారు మరువగలరా? నిలిచిన నీటిలో పోవునప్పుడు క్రిందనున్న ఫిల్టరు గాలికి బదులు నీటిని పీల్చినచో, నీరు గాలివలె నణగదు గనుక, లోపలి యినుపకడ్డీలే వంగిపోవును. నల్లపెట్టె నోరు బండి ముందుభాగమున, ఎత్తున, చల్లనిగాలి తగులుచోట నున్నది. నేను చెప్పినవన్నియు వాడు వినెను. చివరకు, "నాయనమ్మకు ఆ హోరు తలనొప్పి కాదా?" అని వాడే యనెను. అటకమీదనుండి పెట్టెను తెచ్చి, దుమ్ము తుడిచి, వాడే బిగించెను. ఈమారు ప్రతి గొట్టమును తీయుటకు ముందు ఫోటో తీసికొనెను.

పెట్టె యొకటి మూలనుండి మూడు పనులు చేయుచుండగా, తీసివేసినదాక దాని పని మాకు తెలియలేదు. ఇండ్లలో నట్టివి, అట్టివారు నెందరో కలరు. ఆ మాట నట్లుంచి, మీకు నేను చెప్పగోరునది యిది. బండియే కానిండు, మిక్సీయే కానిండు, కొత్త చప్పుడు వినబడినప్పుడు "ఇది యేమి చప్పుడు?" అని భయపడకుడు. ఎప్పుడు మొదలయ్యెను, ఎప్పుడు వచ్చును, ఎప్పుడు పోవును, చివర చేయి పెట్టిన దెక్కడ యని యడుగుడు. ఆ చేయి మనవారిదే యైనను బాగుచేయువానికి దాచకుడు.

సోమవారము అత్తగారిని తీసికొని ఆసుపత్రినుండి తిరిగి వచ్చుచుంటిమి. మావాడు సెలవు పెట్టి తానే నడుపుచుండెను. వంతెన దిగినపిమ్మట వెనుక సీటునుండి యామె కన్నులు తెరువకయే, "ఏమిరా, ఈ దినము బండి సణుగుట లేదే?" అనెను. "దాని మాట మేము వింటిమి, నాయనమ్మా!" అని వాడనెను. ఆమె యింటివరకు నిద్రపోయెను.